సూది నేర్చిన చెయ్యి: ఉద్దానంలో డయాలసిస్ విద్య

డయాలసిస్ అంటే పనిచెయ్యడం మానేసిన మూత్రపిండాల పనిని కొంతవరకు యంత్రంతో చేయించడం. యంత్రం దానంతట అది ఆ పని చెయ్యలేదు. రోగి చేతిలో సిరను వెతికి సూది దించే చెయ్యి ఒకటి కావాలి. నాలుగు గంటల పాటు యంత్రపు తెరనూ, రోగి ముఖాన్నీ కనిపెట్టి చూసే కన్ను కావాలి. ఆ చెయ్యీ కన్నూ డయాలసిస్ టెక్నీషియన్‌వి, డయాలసిస్ నర్సువి. ఈ విద్య అవసరం ఎంతటిదో శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తీరాన కనిపించినంత స్పష్టంగా మరోచోట కనిపించడం అరుదు.

మహేంద్రగిరి కొండలకూ బంగాళాఖాతానికీ నడుమ, వజ్రపుకొత్తూరు నుంచి ఇచ్ఛాపురం దాకా కొబ్బరి, జీడి, పనస తోటలు నిండిన ప్రాంతం ఇది. పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాలు ఇందులోవే. ఈ ఊళ్ళలో మూత్రపిండాల వ్యాధి అసాధారణంగా ఎక్కువగా ఉందని 1990ల నుంచి వైద్యులు గమనిస్తూ వచ్చారు. నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరీక్షించిన పెద్దవారిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉంది. వారిలో ఎక్కువమందిలో దానికి మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ కనిపించలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతుల్లో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీల్లో కనిపించేదీ ఇలాంటి వ్యాధే. భూగర్భజలం, ఎండలో చెమటోడ్చి నీరు తాగకపోవడం, నొప్పి మాత్రలు, పురుగుమందులు, వంశపారంపర్యం, ఇలా ప్రతిదాన్నీ అనుమానించారు. ఏ ఒక్కదాన్నీ కారణంగా నిర్ధారించలేకపోయారు.

ఈ జబ్బు చప్పుడు చెయ్యదు. నొప్పి ఉండదు, చాలామందిలో మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. కాళ్ళు వాచి, ఆకలి చచ్చి, ఆయాసం వచ్చి రక్తపరీక్ష చేయించుకునేసరికి, మూత్రపిండాలు వడకట్టవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది. అక్కడి నుంచి మిగిలే దారులు రెండే: మూత్రపిండ మార్పిడి, లేదా డయాలసిస్. మార్పిడికి దాత దొరకాలి, జీవితాంతం మందులు వాడాలి. కాబట్టి ఎక్కువమందికి దక్కేది రెండోదే. ఒకప్పుడు దానికోసం శ్రీకాకుళం, విశాఖపట్నం, లేదా ఒడిశాలోని బరంపురం పోవలసి వచ్చేది. వారానికి రెండు మూడుసార్లు రైలెక్కి ఎవరు పోగలరు? చాలామంది మధ్యలోనే మానేసేవారు. తరవాత సోంపేట, పలాస, కవిటి, టెక్కలి వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్ రోగులకు నెలకు పదివేల రూపాయల పింఛను 2019లో మొదలైంది. పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకాన్ని కూడా అదే రోజు ప్రారంభించారు.

భవనం కట్టవచ్చు, యంత్రం కొనవచ్చు. దాన్ని నడిపే మనిషిని మాత్రం తయారు చేసుకోవాలి, దానికి ఏళ్ళు పడుతుంది.

ఆ యంత్రం చేసే పనిలో రహస్యమేమీ లేదు. చేతి నుంచి ఒక సూది ద్వారా రక్తాన్ని బయటికి లాగి, డయలైజర్ అనే గొట్టం గుండా పంపి, మరో సూది ద్వారా ఒంట్లోకి తిరిగి ఎక్కిస్తుంది. డయలైజర్ లోపల వెంట్రుకల్లాంటి బోలు పోగులు సుమారు పదివేలు ఉంటాయి. ఒక్కో పోగు లోపలి వ్యాసం మిల్లీమీటర్‌లో ఐదో వంతు. పోగుల లోపల రక్తం, బయట దానికి ఎదురుగా డయాలిసేట్ అనే ద్రవం ప్రవహిస్తాయి. పోగు గోడలోని సూక్ష్మరంధ్రాల గుండా యూరియా, పొటాషియం వంటివి ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపు జారిపోతాయి. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు రంధ్రాల్లో పట్టవు కనుక రక్తంలోనే ఉండిపోతాయి. నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు నడిస్తే 72 లీటర్ల రక్తం డయలైజర్ గుండా పోయినట్టు. ఒంట్లో ఉండేది ఐదు లీటర్లే కాబట్టి అదే రక్తం పద్నాలుగు సార్లు తిరిగిందన్నమాట.

ఈ ఊహ పాతదే. నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న పట్నపు ఆసుపత్రిలో విలెం కోల్ఫ్ 1943లో మాంసపు సాసేజ్‌లకు తొడిగే సెలోఫేన్ గొట్టంతో మొదటి కృత్రిమ మూత్రపిండం చేశాడు. మొదట్లో చికిత్స పొందిన వాళ్ళు దాదాపు అందరూ పోయారు. 1945లో 67 ఏళ్ళ ఒకామె కోలుకుని ఇంటికి వెళ్ళింది. అయితే కోల్ఫ్ పద్ధతిలో ప్రతిసారీ ఒక రక్తనాళాన్ని కోసి గొట్టం పెట్టాలి. కొన్నిసార్లకే నాళాలు అయిపోతాయి. సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ 1960లో టెఫ్లాన్ గొట్టాన్ని చేతికి శాశ్వతంగా అమర్చి, ఏళ్ళ తరబడి డయాలసిస్ చెయ్యవచ్చని చూపించాడు. అది ఒంటి బయట వేలాడేది, చీము పట్టేది, గడ్డకట్టేది.

అసలు మలుపు తెచ్చింది రక్తం తీసే పని చేతితో నేర్చుకున్న ఒక మనిషి. న్యూయార్క్ వైద్యుడు జేమ్స్ చిమినో చదువుకునే రోజుల్లో బెల్‌వ్యూ ఆసుపత్రిలో రోగుల రక్తం తీసే ఉద్యోగం చేశాడు. ఉబ్బిన సిరలో సూది ఎంత సులువుగా దిగుతుందో ఆ వేళ్ళకు తెలుసు. మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న సిరతో కలిపి కుట్టేస్తే, ధమని ఒత్తిడికి సిర ఉబ్బి, గోడ మందమై, పదేపదే సూది గుచ్చినా తట్టుకుంటుందని అతనూ సహచరులూ ఆలోచించారు. సర్జన్ కెన్నెత్ ఆపెల్ 1965లో ఆ శస్త్రచికిత్స చేశాడు. మరుసటి ఏడు వ్యాసం వెలువడింది. అదే నేటి ఫిస్టులా. సోంపేటలోనైనా సియాటిల్‌లోనైనా రోగి మంచి డయాలసిస్ పొందుతున్నాడంటే ఎక్కువగా ఆ చిన్న కుట్టు చలవే.

ఫిస్టులా వెయ్యగానే పనికిరాదు. పక్వానికి రావడానికి కనీసం ఆరు వారాలు కావాలి. సిర ఆరు మిల్లీమీటర్ల వెడల్పు కావాలి, చర్మానికి ఆరు మిల్లీమీటర్ల లోపు లోతులో ఉండాలి, నిమిషానికి 600 మిల్లీలీటర్ల రక్తం పారాలి. వైద్యులు దీన్ని ఆరుల సూత్రంగా గుర్తుపెట్టుకుంటారు. టెక్నీషియన్ దగ్గర ప్రతిరోజూ దాన్ని కొలిచే పరికరమేమీ ఉండదు. చూడడం, తాకడం, వినడం, ఈ మూడే పరీక్షలు. చర్మం ఎర్రబడిందా, వాచిందా, పొక్కు లేచిందా అన్నది కంటికి తెలుస్తుంది. వేళ్ళు ఆనిస్తే లోపల ఆగకుండా ఒక ప్రకంపన తగలాలి, పిల్లి వీపు మీద చెయ్యి వేస్తే తగిలే గురగుర లాంటిది. స్టెతస్కోపు పెడితే అదే శబ్దమై వినిపిస్తుంది. ప్రకంపన పోయి గుండె కొట్టుకున్నట్టు దభదభమంటే ముందు ఎక్కడో నాళం సన్నబడుతోందని అర్థం. అసలే తగలకపోతే గడ్డకట్టిందని అర్థం. ఆ మాట గంటల్లో సర్జన్‌కు చేరితే ఫిస్టులాను కాపాడే అవకాశం ఉంటుంది.

ఇక సూది. ఇంజెక్షన్ సూది కంటే చాలా లావైనది, పదహారు గేజిదో పదిహేను గేజిదో. వారానికి మూడు డయాలసిస్‌లు, ఒక్కోదానికి రెండు సూదులు, అంటే ఏడాదికి 312 పోట్లు. అన్నీ ఒకే చోట గుచ్చితే అక్కడ గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది, ఒకనాడు పగులుతుంది. అందుకే నిచ్చెన మెట్లెక్కినట్టు సిర పొడవునా చోటు మార్చుకుంటూ పోవాలి. కుట్టు దగ్గరికి పోకూడదు. రెండు సూదుల మధ్య ఎడం ఉండాలి, లేకపోతే శుద్ధమైన రక్తమే మళ్ళీ యంత్రంలోకి వస్తుంది. దాదాపు పాతిక డిగ్రీల వాలులో దించి, గొట్టంలో రక్తం మెరవగానే వాలు తగ్గించి లోపలికి తొయ్యాలి. ఒక వెంట్రుకవాసి ఎక్కువ తోస్తే వెనక గోడ చీలి చెయ్యంతా నల్లగా వాచిపోతుంది, ఆ చేతికి వారం పది రోజులు విశ్రాంతి ఇవ్వాలి. అంతవరకు మెడలోని సిరలో గొట్టం పెట్టవలసి రావచ్చు. అది రక్తంలోకి సూక్ష్మజీవులకు తెరిచిన తలుపు.

ఈ పాఠం పుస్తకంలో రెండు పేజీలు. చేతికి ఎక్కడానికి చాలా నెలలు పడుతుంది. కొత్తగా చేరినవారికి మొదట సూది ఇవ్వరు. గొట్టాలు బిగించడం, సెలైన్ పారించి గాలి బుడగలన్నీ తరిమెయ్యడం, యంత్రాన్ని శుభ్రపరచడం, డయాలసిస్ అయ్యాక సూది తీసి ఆ చోట పది పదిహేను నిమిషాలు నొక్కి పట్టుకోవడం ముందు వస్తాయి. ఆ నొక్కడంలోనే సగం విద్య ఉంది: గట్టిగా నొక్కితే ఫిస్టులా గడ్డకడుతుంది, వదులుగా నొక్కితే రక్తం కారుతుంది. తరవాత పాతబడిన, తేలికైన ఫిస్టులాలు అప్పగిస్తారు. లోతుగా ఉన్నవీ, వంకరపోయినవీ చివరికి. ఈ క్రమంలో రోగులే గురువులు. ఏళ్ళుగా వస్తున్న మనిషికి తన చెయ్యి ఎవరికంటే బాగా తెలుసు. ‘అక్కడ కాదు బాబూ, కొంచెం కిందికి’ అని చెబుతాడు. ఆ మాట వినేవారే త్వరగా నేర్చుకుంటారు. ఫలానా అమ్మాయే సూది వెయ్యాలి అని రోగులు పట్టుబట్టడం ఈ వృత్తిలో దొరికే పెద్ద యోగ్యతాపత్రం.

సూది తరవాత నీరు. డయాలిసేట్ నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నడుస్తుంది, అంటే ఒక్క డయాలసిస్‌కు 120 లీటర్లు. మామూలు మనిషి వారానికి పద్నాలుగు లీటర్లు తాగితే, డయాలసిస్ రోగి రక్తానికి వారంలో 360 లీటర్ల నీరు ఎదురవుతుంది. మధ్యలో పేగు గోడ లేదు, సన్నని పొర ఒక్కటే ఉంటుంది. తాగడానికి మంచిదైన నీరు కూడా దీనికి పనికిరాదు. 1970లలో నీటిలోని అల్యూమినియం రోగుల మెదళ్ళను దెబ్బతీసింది. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్నంలో సరిగా శుద్ధి కాని జలాశయపు నీటిలోని నాచు విషం ఒక కేంద్రంలో 50 మందికి పైగా రోగులను బలిగొంది. నీటిని క్రిములు లేకుండా చెయ్యడానికి కలిపే క్లోరిన్, క్లోరమిన్ కూడా రక్తకణాలను పగలగొడతాయి. అందుకే నీరు బొగ్గు తొట్టెల గుండా, ఆ పైన ఆర్.ఓ. పొరల గుండా పోవాలి. ప్రతి షిఫ్టుకు ముందు క్లోరిన్ పరీక్ష చెయ్యాలి. నీటినే అనుమానిస్తూ బతుకుతున్న ఉద్దానం ఊళ్ళలో ఈ పరీక్ష ఒక్క పూట కూడా లాంఛనం కాకూడదు. పుస్తకంలో ముందే అంకె వేసి సంతకం పెట్టే అలవాటు ఎక్కడ పడితే అక్కడ ప్రమాదం మొదలైనట్టే.

మూడోది బరువు. మూత్రం రాని మనిషి తాగిన నీరంతా ఒంట్లోనే ఉంటుంది. నీరు పూర్తిగా తీసేశాక ఉండవలసిన బరువును డ్రై వెయిట్ అంటారు. అరవై కిలోల మనిషి అరవై మూడు కిలోలతో వస్తే మూడు లీటర్లు తియ్యాలి. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లు మించితే గుండెకు చేటని అధ్యయనాలు చెబుతున్నాయి. నాలుగు గంటల్లో ఆ మనిషి నుంచి తియ్యగలిగింది మూడు లీటర్ల పైచిలుకు మాత్రమే. నాలుగు కిలోలు పెరిగి వచ్చి ‘అంతా తీసెయ్యండి’ అంటే కుదరదు. తొందరపడితే రక్తపోటు పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అలాంటిదేదో రాబోతోందని యంత్రం చెప్పేలోపే ముఖం చెబుతుంది: ఆవులింత, చెమట, మాట తగ్గిపోవడం. కాళ్ళు ఎత్తిపెట్టి, నీరు తీయడం ఆపి, సెలైన్ ఎక్కించడం రెండు నిమిషాల్లో జరిగిపోవాలి. సూది జారిపోతే ఇంకా ఘోరం. నిమిషానికి 300 మిల్లీలీటర్ల లెక్కన ఐదు నిమిషాల్లో లీటరున్నర రక్తం దుప్పటి కింద పోగలదు, యంత్రం ప్రతిసారీ కూత పెట్టదు. ఫిస్టులా చేతిని దుప్పటితో కప్పనివ్వకపోవడం అందుకే.

ఈ తీరంలో అదనంగా నేర్చుకోవలసింది తుపాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరినీ జీడినీ కూల్చింది, ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. డయాలసిస్ మధ్యలో కరెంటు పోతే యంత్రంలోని బ్యాటరీ కొద్ది నిమిషాలే రక్తపు పంపును తిప్పుతుంది. జనరేటర్ అందుకోకపోతే పంపుకు పిడి తగిలించి చేత్తో తిప్పుతూ గొట్టాల్లోని రక్తాన్ని రోగి ఒంట్లోకి తిరిగి పంపాలి. గాలిని కనిపెట్టే పరికరం అప్పుడు పనిచెయ్యకపోవచ్చు కాబట్టి కన్ను గొట్టం మీదే ఉండాలి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు రోగులను ఒకరోజు ముందే పిలిచి డయాలసిస్ ముగించడం, రోడ్లు తెగితే ఏం తినాలో ఏం తినకూడదో చెప్పి పంపడం కూడా ఈ పనిలో భాగమే.

తిండి మాట కష్టమైనది, ఎందుకంటే ఉద్దానం పంటలే ఉద్దానం రోగికి పడవు. కొబ్బరి బొండంలో, పనస తొనలో పొటాషియం ఎక్కువ. జీడిపప్పులో భాస్వరం ఎక్కువ. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. ఎండలో తోటపని చేసి వచ్చిన రైతుకు బొండం తాగొద్దని చెప్పడమంటే అతని ఇంటి ముంగిట ఉన్నదాన్ని విషమని చెప్పడమే. తీరపు పల్లెల్లో ఎండుచేపలు, ఊరగాయ ఉప్పును పెంచుతాయి, ఉప్పు దాహాన్ని, దాహం బరువును. చీటీ మీద నిషేధాల పట్టిక రాసిచ్చినందువల్ల లాభం తక్కువ. కూరగాయలు సన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేస్తే పొటాషియం చాలావరకు పోతుందని వండేవాళ్ళకు చెబితే లాభం ఎక్కువ. ‘అత్తా, ఈవారం చారు తగ్గించావా?’ అని అడగగలిగిన టెక్నీషియన్‌కు నిజమైన జవాబు వస్తుంది. ఆ ఊరి మాట, ఆ ఇంటి వంట తెలిసిన స్థానిక యువత ఈ వృత్తిలోకి రావడం అందుకే మేలు.

రావడానికి దారి ఉంది. ఇంటర్మీడియట్ తరవాత పారామెడికల్ బోర్డు గుర్తించిన రెండేళ్ళ డిప్లొమా ఉంది. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ ఉంది. 2021లో వచ్చిన కేంద్ర చట్టం డయాలసిస్‌తో సహా అనుబంధ ఆరోగ్య వృత్తులన్నిటికీ జాతీయ కమిషన్‌ను, రిజిస్టర్‌ను ఏర్పరిచింది. దాంతో ఈ పని డాక్టర్ వెనక నిలబడే సహాయం స్థాయి నుంచి సొంత పేరున్న వృత్తి స్థాయికి వచ్చింది. పనిలో చేరే ముందు హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ పూర్తి చేసుకోవాలి. రోజూ రక్తంతో మెలిగేవారికి అది ఐచ్ఛికం కాదు.

ఈ వృత్తి మీద కట్టుకునే జీవితం ఎలా ఉంటుంది? పొద్దు పొడవకముందే మొదటి షిఫ్టు మొదలవుతుంది, రద్దీ ఉన్న కేంద్రాల్లో రోజుకు మూడు షిఫ్టులు నడుస్తాయి. నిలబడి చేసే పని, నడుముకు భారం. కానీ అత్యవసర వార్డులా కాక, డయాలసిస్‌కు వేళలు ముందే తెలుస్తాయి. డ్యూటీ పట్టిక చూసుకుని పిల్లల బడి, పొలం పని, దూరవిద్య పరీక్షలు సర్దుకోవచ్చు. విశాఖకో హైదరాబాద్‌కో చెన్నైకో కూలికి, గల్ఫ్‌కు వెల్డింగ్ పనికి వలస పోవడమే దారిగా ఉన్న ఈ జిల్లాలో, ఊరి నుంచి బస్సులో పోయి సాయంత్రానికి ఇంటికి రాగల నైపుణ్య ఉద్యోగాలు ఎన్ని? బయటికి పోదలచినా ఇదే విద్య గల్ఫ్ దేశాల లైసెన్సు పరీక్షలకు పనికొస్తుంది.

చిక్కు జీతం దగ్గర, భద్రత దగ్గర ఉంది. 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడుస్తుంది. ఇలాంటి ఏర్పాట్లలో సిబ్బంది తరచు కాంట్రాక్టు మీదే ఉంటారు. యంత్రాల సంఖ్యను సభల్లో చెబుతారు, ఒక్కో యంత్రానికి ఎంతమంది మనుషులున్నారో చెప్పరు. ఒక టెక్నీషియన్‌కు మూడు నాలుగు యంత్రాలకు మించి అప్పగిస్తే ముఖాలు చూసే తీరిక ఉండదు. సూది నేర్చుకున్నవాళ్ళు రెండేళ్ళకే మెరుగైన జీతానికి నగరం పోతే, రోగుల చేతులు మళ్ళీ కొత్తవారికి పాఠశాలలవుతాయి. ఉద్దానంలో ఈ నష్టం డబ్బుతో లెక్కకట్టేది కాదు. అనుభవం ఉన్న చేతులను నిలుపుకునే జీతం, పదోన్నతి ఏర్పాటు చెయ్యడం యంత్రం కొనడమంత ముఖ్యమైన ఖర్చే.

మనసు మీద పడే బరువు వేరు. ఏడాదికి 156 సార్లు కలిసే మనిషి బంధువే అవుతాడు. కూతురి పెళ్ళి, జీడి ధర, కొడుకు దుబాయి ఫోను, అన్నీ ఆ నాలుగు గంటల్లో చెబుతాడు. అలాంటివారు పోతూనే ఉంటారు. కొత్తగా చేరిన ఇరవై ఏళ్ళ పిల్లలకు దీన్ని ఎదుర్కోవడం ఏ సిలబస్‌లోనూ సరిగా నేర్పరు. పెద్దవాళ్ళు పక్కన కూర్చుని మాట్లాడే అలవాటున్న కేంద్రాల్లో సిబ్బంది ఎక్కువకాలం నిలుస్తారు. పనికి బయట పాటో, క్రికెట్టో, గుడి సంబరమో, సొంత తోటో ఏదో ఒకటి ఉన్నవారికి ఆ బరువు కొంత దిగుతుంది.

అనుభవం పెరిగేకొద్దీ పని వార్డు దాటుతుంది. కొందరు నీటిశుద్ధి, యంత్రాల మరమ్మతు వైపు, కొందరు బోధన వైపు, కొందరు ఊళ్ళలో క్రియాటినిన్ శిబిరాల వైపు వెళతారు. పెరిటోనియల్ డయాలసిస్ మరో దారి. పొట్టలోకి గొట్టం వేసి, రోజుకు మూడు నాలుగుసార్లు ద్రవపు సంచులు మార్చుకుంటూ ఇంట్లోనే చేసుకునే చికిత్స ఇది. కేంద్రానికి దూరంగా ఉన్న పల్లెలకు పనికొస్తుంది. అయితే పొట్టలోకి సూక్ష్మజీవులు పోతే ప్రాణాపాయం కనుక, ఆ ఇంట్లో సంచి మార్చే చోటు ఎలా ఉండాలో, చేతులు ఎంతసేపు కడగాలో, బయటికి వచ్చిన ద్రవం మసకబారితే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఎవరో ఒకరు వెళ్ళి, రోగితోనూ ఇంటిల్లిపాదితోనూ చేయించి చూపించాలి. వార్డులో సూది నేర్చిన టెక్నీషియన్లు, నర్సులే ఆ పనికి తగినవారు.